నాలుగోనాటి లెక్క

లీడ్స్, ఇంగ్లండు
ఫిబ్రవరి 4, 1972

అక్కయ్యకు విశాలి నమస్కారాలు. పిల్లలు ముగ్గురికీ ముద్దులు.

క్షేమంగా చేరామని టెలిగ్రాం ఇచ్చాం, అందే ఉంటుంది. వేంకటరమణ అన్నయ్య స్టేషనుకి వచ్చి తీసుకెళ్ళాడు. మా పెదనాన్నగారి అబ్బాయే గాని నేను చూసి పదేళ్ళయింది. నన్ను పోల్చుకోవడానికి ఇటూ అటూ రెండుసార్లు తిరిగాడు పాపం. తను ఇక్కడి ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. వదిన మంచిది. మాకు మేడమీద గది ఇచ్చారు. చలి సంగతి చెప్పి లాభం లేదు. రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని పప్పులో పోపు పెడుతున్నాను.

మొన్న మంగళవారం డాక్టరమ్మను చూశాం. పెద్దావిడ, పొడుగు మనిషి, మాట తక్కువ. ముప్పై దాటకముందే వచ్చారు, మంచిదే అంది. నాకు ఇరవై తొమ్మిది నిండాయని ఆయన చెప్పారు. తొమ్మిదేళ్ళ కాపురం, ఎన్ని మొక్కులు, ఎన్ని కషాయాలు! విశాఖపట్నంలో డాక్టరమ్మ చేతులెత్తేసింది. ఈవిడ కూడా ఎత్తేస్తే ఇంకే దేశం పోతాం అక్కయ్యా?

మందు బిళ్ళలు ఇస్తుందట. అవి వేసుకునే రోజులు, మేం కలిసి ఉండాల్సిన రోజులు, అన్నీ నెలసరి లెక్క మీదే నడుస్తాయట. అందుకని కిందటి ఏడాది నాకు ఏయే తేదీల్లో నెలసరి వచ్చిందో రాసి ఇమ్మంది. నేనెక్కడ రాసుకున్నాను? అత్తయ్యగారు పంచాంగంలో కోడళ్ళిద్దరి నెలసరికీ, నాకు పసుపు చుక్క, నీకు కుంకం చుక్క పెడతారు కదా. నా చుక్కలు చూసి వెంటనే పంపించు. ఆయన సెలవు ఆర్నెల్లే, జూలై పద్దెనిమిదికి టిక్కెట్లు. ఒక్క నెల పోయినా ఒక నెల పోయినట్టే.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. ఊళ్ళో మాత్రం ఆయనకు కరెంటు పనిలో ట్రైనింగు అనే చెప్పండి.

నీ ఆశీర్వాదం కోరుతూ
విశాలి

*

చోడవరం
ఫిబ్రవరి 16, 1972

విశాలీ, నీ నీలం కవరు మొన్న అందింది. అందడం కాదు, ఊరేగింది.

మీ బావగారు ఫ్యాక్టరీకి బయల్దేరుతూ పోస్టుమాన్ చేతిలోంచి అందుకున్నారు. తమ్ముడు సీమ నుంచి రాసిన మొదటి ఉత్తరం అనుకుని పడక్కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు. ఎదురుగా అత్తయ్యగారు, పిల్లలు, పాలు పొయ్యడానికి వచ్చిన పైడితల్లి. చలి, స్వెట్టర్లు, పోపు, అన్నీ అయ్యాయి. నెలసరి అన్న ముక్క దగ్గర ఆయన చదవడం ఆగిపోయింది. ఆ పైన ఏముందో తెలుసుకుందామని కిందకి చూపు వేసి, "ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో" అన్న వాక్యం మాత్రం పైకి చదివి, మడిచి నా ఒళ్ళో పడేసి, టిఫిన్ క్యారేజీ కూడా మర్చిపోయి సైకిలెక్కేశారు. పైడితల్లి, "ఏటమ్మా, సివర్లో ఏటి రాసేరు? బాబుగోరు అలాగెల్లిపోయేరేటి?" అని నాలుగుసార్లు అడిగింది.

అందుకని పోస్టుమాన్ తాతబ్బాయితో మాట్లాడాను. ఇకమీదట నా పేరున వచ్చిన నీలం కవరు పెరటి గుమ్మంలో నా చేతికే ఇస్తాడు. "మీ సేతికి తప్ప దేవుడికి కూడా ఇవ్వనమ్మగోరూ" అన్నాడు. నువ్వు ధైర్యంగా రాసుకో.

నీ చుక్కలన్నీ వెనకాల కాగితం మీద ఎక్కించాను. పంచాంగం కాబట్టి తిథులే ఉన్నాయి, ఇంగ్లీషు తేదీలు మరిది కట్టుకుంటాడు. పన్నెండు నెలలూ ఉన్నాయి, ఒక్కటీ జారిపోలేదు. అత్తయ్యగారి చెయ్యి అది. చూస్తూ ఉండగానే వంటింట్లోకి వచ్చి, "ఏవిటే వెతుకుతున్నావు?" అన్నారు. ఏకాదశి ఎప్పుడా అని చూస్తున్నానన్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. నా గురించి రాయడానికి ఏమీ లేదు. నువ్వు వేళకు తిను, ఊరికే ఏడవకు.

దుర్గ

*

లీడ్స్
ఫిబ్రవరి 28, 1972

అక్కయ్యా,

నీ కాగితం శనివారం అందింది. ఆయన గంటసేపు కూర్చుని తిథులన్నిటికీ తేదీలు కట్టి, ఇంగ్లీషులో పట్టీ రాసి డాక్టరమ్మకు ఇచ్చారు. ఆవిడ చూసి, ఇంత క్రమంగా ఉన్న పట్టీ నేనెప్పుడూ చూడలేదు, ఎవరు రాశారు అని అడిగిందట. మా అమ్మ అని చెప్పి ఛాతీ విరుచుకున్నారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ విషయాలు ఆయన మాట్లాడుతుంటే పక్కన నిలబడలేను, నీకు తెలుసు కదా.

మార్చిలో బిళ్ళలు మొదలు. నెలసరి మొదటి రోజు నుంచి లెక్క పెట్టి అయిదో రోజున మొదలుపెట్టి అయిదు రోజులు వేసుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు ఏమిటన్నది కాగితం మీద గీసి ఇచ్చింది. రోజూ తెల్లారి మంచం దిగకముందు నోట్లో థర్మామీటరు పెట్టుకుని, ఎంత ఉందో గళ్ళ కాగితం మీద చుక్క పెట్టాలి. ఇంట్లో అత్తయ్యగారి చుక్కలు, ఇక్కడ నా చుక్కలు. ఇది నా ఖర్మ.

ఇంకో వింత విను. ఈ నెలంతా ఇక్కడ బొగ్గు గనుల వాళ్ళ సమ్మె. రోజుకు ఎన్నో గంటలు కరెంటు తీసేశారు. కొవ్వొత్తుల వెలుగులో అన్నం తిన్నాం. "మీ ఆయన కరెంటాఫీసు ఉద్యోగి అని తెలిసే తీసేసుంటారు" అని వదిన ఒకటే నవ్వు. ట్రైనింగు అని ఊళ్ళో చెప్పిన అబద్ధానికి తగిన శాస్తి జరిగింది.

నవ్వుతున్నానే గాని నాకు భయంగానే ఉంది. ఈసారి కూడా కాకపోతే తప్పు నాలోనే ఉందని తేలిపోతుంది. ఇంతవరకు తేలలేదు కాబట్టి బతుకుతున్నాను. నీకెందుకో ఉత్తరంలో నీ సంగతి ఒక్క ముక్క రాయడానికి బద్ధకం. ఈసారి రాయి.

విశాలి

*

చోడవరం
మార్చి 14, 1972

విశాలీ,

నా సంగతులు ఏముంటాయి? కాస్త పైత్యం చేసింది, అన్నం సయించడం లేదు. ఎండలు ముదురుతున్నాయి కదా, అదే అయి ఉంటుంది. మీ బావగారికి ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు సీజను, ఇంటికి వచ్చేది తినడానికే. పెద్దవాడు లెక్కల్లో తప్పాడు.

అత్తయ్యగారు మీ బావగారి చేత మరిదికి ఒక ఉత్తరం రాయించారు. అందులో ఏముందో నాకు తెలియదు.

నీకు ఈపాటికి బిళ్ళలు మొదలుపెట్టి ఉంటారు. రోజూ విఘ్నేశ్వరుడికి దండం పెట్టుకుంటున్నాను. నీకు అవ్వాలి విశాలీ, తప్పకుండా అవ్వాలి. ఇంకేమీ రాయలేను.

దుర్గ

*

లీడ్స్
ఏప్రిల్ 16, 1972

దుర్గాంబ అక్కయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మేం బాగానే ఉన్నాం.

మార్చి నెల మందు పని చెయ్యలేదు. ఇప్పుడు రెండో విడత. డాక్టరమ్మ నా గళ్ళ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒంట్లో వేడి పెరగాల్సిన రోజు కంటే ముందే పెరుగుతోందట. ఆవిడ లెక్క ప్రకారం పధ్నాలుగో రోజున జరగాల్సింది నాకు పదకొండో రోజునే జరిగిపోతోందట. మందు వేసుకునేసరికే ఆలస్యం, మేం కలిసి ఉండే రోజులకు ఇంకా ఆలస్యం. ఇలా ఎవరికైనా ఉంటుందేమో గాని ఇంత క్రమంగా నెలసరి వచ్చే మనిషికి ఉండటం చూడలేదంది. ఈ నెల కూడా ఇలాగే ఉంటే మందు మార్చాలో, మానాలో ఆలోచిస్తానంది.

ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో తిరిగొస్తే ఆ గుమ్మంలో అడుగెలా పెడతాను?

మీ పైత్యం తగ్గిందా? అంతకంటే రాయవలసింది ఏమైనా ఉంటే రాస్తారని అనుకుంటాను.

విశాలాక్షి

*

చోడవరం
ఏప్రిల్ 27, 1972

విశాలీ,

నన్ను మీరు అన్నావు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అనలేదు. ఆ ఒక్క మాటతోనే నీకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఇక దాచను. కానీ ముందు నీకు పనికొచ్చేది రాస్తాను, నన్ను తిట్టుకోవడం తర్వాత పెట్టుకో.

నీ పట్టీ తప్పు. నేను పంపిన తేదీలన్నీ తప్పు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు నూకరత్నం రిజిస్టరు తెరిచి, ఆఖరుసారి ఎప్పుడయ్యావని అడిగింది. నేను మార్గశిరంలో తలంటుకున్న రోజు చెప్పాను. అది నా మొహం కేసి చూసి పకపకా నవ్వింది. "తానం సేసిన రోజు కాదమ్మా, బైట సేరిన రోజు సెప్పు. మీ అగ్రారం ఇళ్ళల్లో అందరూ ఇదే తప్పు సెప్తారు. ఆ మూడ్రోజులూ ఎటెల్లిపోయేయి? కేలండర్లో సింపేసేరేటి?" అంది.

అత్తయ్యగారు పంచాంగంలో చుక్క ఎప్పుడు పెడతారు? మనం నాలుగోనాడు తలకు పోసుకుని వంటింట్లోకి వచ్చాక కదా! ఆ మూడు రోజులూ మనం ఇంట్లో ఉన్నట్టే లెక్క కాదు, చుక్కెవరు పెడతారు? మరిదికి కూడా నువ్వు వంటింట్లోకి వచ్చిన రోజే తెలుస్తుంది. నేనూ మొదటి రోజు అంటే అదే అనుకున్నాను, నువ్వూ అదే అనుకున్నావు. అంటే మీ డాక్టరమ్మ ఒకటో రోజు అనుకుంటున్నది నీకు నాలుగోది. మూడు రోజులు తేడా. ఆవిడ పధ్నాలుగు నుంచి మూడు తీసి చూడు, నువ్వు రాసిన పదకొండు వస్తుంది. నీ ఒంట్లో ఏ తప్పూ లేదు విశాలీ, మన లెక్కలోనే ఉంది. రేపే వెళ్ళి చెప్పు. మరిది సిగ్గుపడితే నువ్వే చెప్పు.

ఇక నా సంగతి. నాకు అయిదో నెల. మిమ్మల్ని రైలెక్కించిన రోజుకే నాకు అనుమానం. నువ్వు నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే ఎలా చెప్పను? నీ చుక్కలు కాగితం మీద ఎక్కించిన రోజున, పక్కనే నా కుంకం చుక్కలు మార్గశిరంతో ఆగిపోయి కనబడ్డాయి. అయినా నా గురించి రాయడానికి ఏమీ లేదని రాశాను. అయిదో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్నది మంచి సాకు.

మార్చి మొదట్లో అత్తయ్యగారు అందరినీ కూర్చోబెట్టి, "దుర్గకి ముగ్గురున్నారు. ఈసారి గుంటడు పుట్టినా గుంట పుట్టినా చంద్రానికీ విశాలికీ దత్తత ఇచ్చేద్దాం. బయట నుంచి తెచ్చుకునే కంటే మన రక్తం మనింట్లోనే ఉంటుంది. ఏవంటావే దుర్గా?" అన్నారు. మీ బావగారు నేల చూపులు చూశారు. నేను "మీ ఇష్టం అత్తయ్యా" అన్నాను. ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా నా నోటికి వచ్చిన మాట అదొక్కటే, అలవాటు కొద్దీ అదే వచ్చేసింది. మరిదికి వెళ్ళిన ఉత్తరంలో ఉన్నది అదే. అందులో ఏముందో నాకు తెలియదని నీకు అబద్ధం రాశాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నీకు కావాలని నేను రోజూ దండం పెట్టుకున్నది నీ కోసం కాదు. నీకైతే నాది నా దగ్గర ఉంటుందని.

దుర్గ

*

లీడ్స్
మే 9, 1972

అక్కయ్యా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం తెల్లారే నాకు అయింది. అంటే రెండో నెల మందూ నేలపాలే. కానీ పెళ్ళయ్యాక మొదటిసారి, మొదటి రోజునే ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన ఏదో దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూశారు.

నిన్న ఇద్దరం వెళ్ళాం. నేనే చెప్పాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. మూడు రోజులు వంటింటికి దూరంగా ఉంటాం, నాలుగో రోజు స్నానం, లెక్క అక్కడ నుంచి అని. ఇక్కడ కూడా అలవాటు కొద్దీ ఆ మూడు రోజులూ మేడమీదే ఉండిపోయానని, ఆయనకు చెప్పింది నాలుగో రోజునేనని. డాక్టరమ్మ పెన్సిలు కింద పెట్టేసి, తొమ్మిదేళ్ళూ ఇలాగేనా అంది. ఇలాగేనన్నాను. ఆవిడ నవ్వలేదు. గళ్ళ కాగితం మీద గీతలన్నీ మూడు గళ్ళు జరిపి, ఇప్పుడు సరిపోయింది అంది. గురువారం నుంచి బిళ్ళలు. మిగిలింది రెండు నెలలు. ఆయన ఇంటికొచ్చాక, "పట్టీ రాసింది నేనే కదా విశాలీ" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను టీ పెట్టి ఇచ్చాను.

నువ్వు అన్నీ చెప్పేశావు, నేనూ చెప్పాలి. అత్తయ్యగారి ఉత్తరం ఆయన మార్చి చివర్లోనే నాకు చూపించారు. నీకు రాయలేదు. ఆ వారమంతా నేను సంతోషంగా ఉన్నాను అక్కయ్యా. ఆకలి బాగా వేసింది. వదినను అడిగి పచ్చరంగు ఊలు కొన్నాను. బిళ్ళలు పని చేసినా చెయ్యకపోయినా సెప్టెంబరుకల్లా నా ఒళ్ళో బిడ్డ ఉంటుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. నీ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

ఏప్రిల్లో నీ మీద నాకు వచ్చిన కోపం ఎందుకో తెలుసా? నా బిడ్డ నీ కడుపులో పెరుగుతుంటే పైత్యం అని రాశావని. చూశావా, ఇప్పుడు కూడా నా బిడ్డ అనే రాశాను. కొట్టేద్దామనుకున్నాను గాని నీకు తెలియాలని ఉంచేశాను.

విశాలి

*

చోడవరం
మే 23, 1972

విశాలీ,

ఆ మాట చదివి నాలుగు రోజులు కలం పట్టలేదు. కోపం వచ్చింది. తర్వాత, నీ స్థానంలో నేనుంటే మూడు రంగుల ఊలు కొనేదాన్ని అనిపించింది.

అయినా ఈసారి తిన్నగా చెబుతున్నాను. నేను ఇవ్వలేను. ముగ్గురున్నారు కదా, నాలుగోది ఎక్కువేనని అందరూ అంటారు. ముగ్గురిని కన్నదాన్ని కాబట్టే ఇవ్వలేనేమో. ఒకే ఇంట్లో రోజూ నా కళ్ళ ముందు తిరుగుతూ నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంటే అన్నం ఎలా సయిస్తుంది?

ధైర్యం చేసి మొన్న అత్తయ్యగారితో అన్నాను. అప్పడాలు ఒత్తుతున్నారు. కర్ర ఆపలేదు. "ఇంట్లో నలుగురి ఎదుటా ఒప్పుకున్నావు. చంద్రం ఆశ పెట్టుకున్నాడు. విశాలి నీళ్ళోసుకుందని ఉత్తరం వస్తే ఆ మాట అక్కడితో సరి. లేదా వాళ్ళిద్దరూ ఒద్దంటే సరి. నువ్వు ఒద్దంటే మాత్రం కుదరదు" అన్నారు. ఇంకో అప్పడం ఒత్తుతూ, "ఆ పిల్ల తొమ్మిదేళ్ళ నుంచీ ప్రతి పురుడుకీ, ప్రతి బారసాలకీ పళ్ళాలు అందిస్తోందే. నేను చూళ్ళేకపోతున్నాను" అన్నారు. అప్పుడు ఆగింది కర్ర. ఇద్దరి మీదా కోపం తెచ్చుకోలేక అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

అందుకని నీ జూన్ కోసం చూస్తున్నాను. మందు వేళకు వేసుకో.

దుర్గ

*

లీడ్స్
జూన్ 8, 1972

అక్కయ్యా,

అయిదో తేదీన నెలసరి అయింది. లెక్క సరిగ్గానే ఉంది, మందు సరిగ్గానే ఉంది, అయినా అయింది. ఒక్క నెలకే కడుపు నిలవాలని ఎక్కడా లేదంటుంది డాక్టరమ్మ. నాకున్నవే ఒకటీ రెండూ అని ఆవిడకెలా చెప్పను?

ఇక ఒక్కసారి. జూలై నాలుగున తెలుస్తుంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

విశాలి

*

చోడవరం
జూన్ 20, 1972

విశాలీ,

నీ నాలుగు ముక్కలూ చేరాయి. నాకు ఏడో నెల. నా మంచిచెడ్డలు చూడ్డానికి మంత్రసాని రాజులమ్మ వారానికోసారి వస్తోంది. "ఎడం పక్కకే తొంగుంతన్నాడు, గుంటడే" అంటోంది. అత్తయ్యగారు అప్పుడే మామగారి పేరు ఖాయం చేసేసి, దత్తతకి ముహూర్తం చూడమని పంతులుగారికి కబురు పెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఆలూ ఉంది, చూలూ ఉంది, కొడుకు ఎవరి కొడుకో ఒక్కటే తేలలేదు.

వీడు బాగా కదులుతున్నాడు. ముగ్గురిలో ఎవరూ ఇంత కదల్లేదు. నీకు రాయకూడదేమో, కానీ ఎవరితో చెప్పను? మీ బావగారితో చెబితే మొహం తిప్పుకుంటున్నారు.

నిన్నేమీ అడగను. నాలుగో తేదీ ఏమైందో మాత్రం ఎలా ఉన్నా రాయి.

దుర్గ

*

లీడ్స్
జూలై 3, 1972

అక్కయ్యా,

ఇవాళ సోమవారం. రేపు నాలుగో తేదీ. ఏం కాబోతోందో నాకు తెలియదు. తెలియకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాలని కూర్చున్నాను.

శుక్రవారం నాడు అత్తయ్యగారికి ఉత్తరం రాశాను. నా చేత్తో ఆవిడకు రాసిన మొదటి ఉత్తరం అది. మూడు కాగితాలు చింపాను. చివరికి ఇంతే రాశాను. "మీరు నా కోసం పెట్టుకున్న బెంగ నాకు తెలుసు. కానీ అక్కయ్య బిడ్డను మేం తీసుకోం. మాకు పిల్లలు కలిగినా తీసుకోం, కలగకపోయినా తీసుకోం. ఈ విషయంలో అక్కయ్యను ఇంక ఏమీ అడగకండి." ఆయనను కింద సంతకం చెయ్యమన్నాను. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నాలుగో తేదీ దాకా ఆగుదాం, తొందరేముంది అన్నారు. అందుకే తొందర అన్నాను.

నీకు అర్థమైంది కదా? రేపు నిలబడిందని తెలిశాక ఆ ఉత్తరం వేస్తే, నాకు సొంతంగా దొరికింది కాబట్టి నీది నీకు తిరిగిచ్చినట్టుంటుంది. అది ఇవ్వడం ఎలా అవుతుంది? రేపు నిలబడలేదని తెలిశాక వెయ్యాలంటే నా వల్ల అవుతుందో లేదో నాకే నమ్మకం లేదు. మార్చిలో నన్ను నేను చూసుకున్నాను. అప్పటి నుంచీ నాకు నా మీద భయం.

ఆయన సంతకం చేశారు. ఇంతకు ముందే వీధి మలుపులో ఎర్ర డబ్బాలో వేసి వచ్చాను. లోపల పడ్డ చప్పుడు విన్నాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇక్కడి పోస్టుమాన్ నాలుగింటికి డబ్బా ఖాళీ చేసుకుపోతాడు. ఇప్పుడు అయిదయింది.

మిగతాది రేపు రాస్తాను.

జూలై 4

పొద్దున్నే నెలసరి అయింది అక్కయ్యా.

ఆయన ఇంకా కిందకి దిగలేదు. వదిన ఏదో అడిగింది, వినబడలేదు. ఏడుపు కూడా రాలేదు, ఊరికే మెట్ల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ మూడు నెలలకు సరిపడా బిళ్ళలు ఇచ్చి పంపుతానంది, ఇంటి దగ్గర వేసుకోమంది. వేసుకుంటాను. లెక్క ఇప్పుడు నాకు వచ్చు.

ఒకటి మాత్రం నీకు నిజం చెప్పాలి. ఇందాక కోటు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వీధి మలుపు దాకా వెళ్ళాను. ఆ డబ్బా ముందు నిలబడి లోపలికి చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి పట్టలేదు. పట్టినా లోపల ఏమీ ఉండదని తెలుసు. అయినా పెట్టాను.

ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంటే ఇవాళ వేసేదాన్ని కాదు అక్కయ్యా. అందుకే నిన్న వేశాను.

విశాలి